అత్తమ్మ సొరపాదు

నరసరావుపేటలోని మా ఇల్లు చిన్నదే అయినా, వెనుక పదిహేను అడుగుల పెరడు ఉండేది. మామయ్యగారు మరణించాక పల్లె విడిచి మా వద్దకు వచ్చిన అత్తమ్మ, బట్టల పెట్టెతోపాటు బూడిద కలిపి గుడ్డలో మూటగట్టిన విత్తనాలు కూడా తెచ్చుకున్నారు. కొద్ది నెలల్లోనే గోడవార గోంగూర ఎదిగింది, పుదీనా అల్లుకుంది, సొరపాదు గోడెక్కింది. ఆమె వుజూ చేసేది కూడా ఆ పాదు దగ్గరే. పీట మీద కూర్చుని చెంబుతో చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుంటే, ఆ నీరంతా మొక్కల మొదళ్లకు పారేలా మట్టిలో చిన్న కాలువ తీసుకున్నారు.

నాకు ఆ పెరడంటే చిరాకు. వానకు బురద, ఇంట్లో మట్టి అడుగులు, పురుగూ పుట్రా భయం. 2022 రమజాన్ నెలలో అత్తమ్మ మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు, మేస్త్రీని పిలిపించి పెరడంతా సిమెంటు చేయించాను. పాదు కోసే సమయానికి దానికి మూడు పిందెలున్నాయి. మేస్త్రీ ఆగి నా వైపు చూశాడు. కానిమ్మన్నాను.

పండుగ తరువాత అత్తమ్మ తిరిగివచ్చారు. వెనుక గుమ్మంలో కొంతసేపు నిలబడి, "శుభ్రంగా ఉందమ్మా" అన్నారు. అంతే. ఆమె కోపగించుకోనందుకు నా మనసు తేలికపడింది. కాని ఆనాటి నుండి ఆమె వుజూ ముగించి లేచినప్పుడల్లా, సిమెంటు మీదుగా మురుగుకాలువలోకి జారిపోయే నీటిని చూస్తూ ఒక క్షణం ఆగేవారు. ఏడాదికి పైగా, పూటపూటా, వంటింటి కిటికీలోంచి నేను ఆ చూపును చూస్తూనే ఉన్నాను.

2023 జూలైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. పప్పులోకని బజారు నుండి గోంగూర తెచ్చాను. కట్ట విప్పితే సగం వాడిపోయి ఉంది. అత్తమ్మ దానిని ఏరుతూ, "వానాకాలంలో పప్పుకు పులుపు గోంగూరేనమ్మా. ఎక్కడి నుంచో టమాటా రావాలని మేమెన్నడూ ఎదురుచూడలేదు" అన్నారు. అది ఎత్తిపొడుపు కాదు, ఉన్న సంగతి. నాకు మాత్రం ఆ మూడు పిందెలు కళ్లముందు మెదిలాయి. ఆ రాత్రి ఆమె పక్కన కూర్చుని, "మిమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా చేశాను అత్తమ్మా, మన్నించండి" అన్నాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, "విత్తనాలు ఇంకా ఉన్నాయి" అన్నారు.

ఆ వారంలోనే గోడవార మూడడుగుల వెడల్పున సిమెంటు పగలగొట్టించాము. అడుగున మట్టి గట్టిపడి, ఒక్క వానపాము కూడా లేకుండా ఉంది. దానిని తవ్వి గుల్లచేసి, చివికిన పశువుల ఎరువు, రాలిన ఆకులు కలిపాము. సొరపాదు మొలిచింది, పాకింది, పూసింది. కాని తొలి పిందెలు పసుపుబారి రాలిపోసాగాయి. నేను నిరుత్సాహపడితే అత్తమ్మ నన్ను మగ్రిబ్ నమాజు తరువాత పాదు దగ్గరకు తీసుకెళ్లారు. సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అడుగున పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నని కాడ మాత్రమే ఉన్నది మగపువ్వు. మగపువ్వును తుంచి దాని పుప్పొడిని ఆడపువ్వుకు మెల్లగా తాకించి చూపారు. ఆ తరువాత పిందెలు నిలిచాయి.

సెప్టెంబరు చివరికి ఒకే వారంలో ఏడు కాయలు! ఒక కాయతో దాల్చా వండాము. దైవప్రవక్త (స) పళ్లెంలోని సొరముక్కలను ఏరుకుని మరీ తినడం చూశానని అనస్ (రజి) చెప్పిన హదీసును అత్తమ్మ పిల్లలకు వినిపించారు. ఎప్పుడూ సొరకాయను పక్కకు నెట్టే మా చిన్నవాడు ఆ రోజు మళ్లీ వేయించుకున్నాడు. మిగిలిన ఆరు? బజారులో నేను ఇంటికి ఎంత కావాలో అంతే కొంటాను. ఇతరులకు ఇచ్చేందుకు ఏమీ మిగలదు. పాదు మాత్రం మా అవసరాన్ని లెక్కచూసి కాయలేదు. పక్కింటి అక్కయ్యకు, ఎదురింటివారికి, ఆనాడు సిమెంటు చేసిన మేస్త్రీకి కూడా కాయలు వెళ్లాయి. నాలుగేళ్లుగా పలకరింపుతోనే సరిపెట్టుకున్న పక్కింటి అక్కయ్య, మరునాడు కరివేపాకు, మునగకాడలు తీసుకుని మా గడపలోకి వచ్చారు.

ఒక ముస్లిం నాటిన మొక్క నుండి, వేసిన పైరు నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తింటే అది అతని తరఫున దానమవుతుందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఈ హదీసును నేను చిన్ననాటి నుండి ఎరుగుదును. ఉడత కొరికిన కాయను చూసి నేను నొచ్చుకుంటే, "దాని వాటా అది తిన్నదమ్మా" అని అత్తమ్మ నవ్వినప్పుడే నాకది అర్థమైంది.

ఆ కాస్త నేల మా ఇంటిల్లిపాదికీ కూరలు సమకూర్చదు. ఇప్పటికీ బజారుకు వెళుతూనే ఉన్నాము. కాని ఏ కాలంలో మన నేల ఏమిస్తుందో నా పిల్లలకు తెలిసింది. సోదరీమణులారా, మీ ఇంట మూరెడు నేల ఉన్నా దానిని సిమెంటు కింద కప్పకండి. మేడ మీది ఇల్లయితే, అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్టులో పుదీనా, మెంతికూర చక్కగా పెరుగుతాయి.

అత్తమ్మ ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేరు. సాయంత్రం పూలు తాకించే పని నాదే. ఆమె మాత్రం అయిదు పూటలా పాదు దగ్గరే పీట వేయించుకుంటారు. వుజూ నీరు మట్టిలో ఇంకేదాకా చూసి, అప్పుడు నమాజుకు లేస్తారు.