జేబులో మడిచిన చీటీ

2004 డిసెంబరులో వెంకటేశ్ వార్త పేపర్లో వచ్చినప్పుడు వనపర్తి బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో మేం కొట్లాడుకున్నంత పని చేశాం. హైదరాబాదు చదరంగం ఆటగాడు, పాతికేళ్లవాడు, కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్నాడు. అవయవాలు పాడవకముందే వెంటిలేటర్ తీసేయించుకొని, వాటిని దానం చేసి పోవాలన్నది అతని కోరిక. తల్లి సుజాత ఆ కోరికతో హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబరు 17న వెంకటేశ్ చనిపోయాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు. బాధపడేవాడికి చావు హక్కు ఇవ్వాల్సిందేనని నేను గొంతు చించుకున్నాను. బడిలో పిల్లలకు అదే అంశం మీద వక్తృత్వ పోటీ కూడా పెట్టాను.

కొన్నేళ్లకు మా నాయినకు గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ అయ్యాక కూడా పుండు తిరగబెట్టడంతో, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపించారు. రాత్రిళ్లు తువ్వాల పళ్ల మధ్య కొరికిపట్టి, మంచం పట్టెను పిడికిలితో గుద్దేవాడు. అరిస్తే మనవరాలు లేస్తుందని అట్లా చేసేవాడు. ఒక్క చెంచా జావ మింగాలంటే మెడ నిక్కించి కళ్లు గట్టిగా మూసుకునేవాడు, ఆ మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు కారేవి. "ఇంత మందు పోసి సంపుండ్రి బిడ్డా" అని నా చేయి పట్టుకునేవాడు.

నేనేమో ఆ మాటను నా పాత వాదనకు సాక్ష్యంగా విన్నాను. మన చట్టం దుర్మార్గమైనదని, విదేశాల్లో ఇట్లా ఉండదని స్నేహితులతో అన్నాను. అప్పటికే డాక్టరు మార్ఫిన్ గోళీలు రాసిచ్చాడు. ఆ చీటీ నా చొక్కా జేబులో మడతపడి ఉంది. మత్తుమందు అలవాటైపోతుందని, వేస్తే ఇంకా తొందరగా పోతాడని, "కొడుకే మత్తు పెట్టి పంపిండు" అని ఊరు అంటుందని నా భయం. చావు హక్కు కోసం వాదించిన నేనే, నొప్పి తగ్గించే గోళీని ఆయన నోటిదాకా పోనీయలేదు.

గద్వాల నుంచి మా అక్క వచ్చింది. చొక్కా ఉతకబోతే చీటీ దొరికింది. "నొప్పి తగ్గితే నాయిన సస్తనంటడా తమ్మీ?" అని అడిగి, బస్సెక్కి పట్నం పోయి గోళీలు తెచ్చింది. నాలుగు గంటలకొకటి, దాంతోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. రెండు మూడు రోజుల్లో నాయిన తెల్లవారేదాకా నిద్రపోయాడు. లేచి, చేనుకు నీళ్లు పెట్టిండ్రా అని అడిగాడు. ఆ తర్వాత బతికిన కొన్ని వారాల్లో చంపమని మళ్లీ అడగలేదు. ఇంట్లోనే, మా అందరి మధ్య పోయాడు. అంతకుముందు గడిచిన రాత్రులకు మాత్రం నేనే బాధ్యుణ్ణి.

నా భయం నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. 1985 నాటి మత్తుమందుల చట్టం కట్టుబాట్లకు జడిసి చాలా ఆసుపత్రులే మార్ఫిన్ నిల్వ పెట్టుకోవడం మానేశాయి. 2014లో సవరణతో ఆ చిక్కులు తగ్గాయి. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే అది ప్రాణం తీసే మందు కాదు.

అయినా వెంకటేశ్ తల్లి అడిగింది తప్పని నేనిప్పటికీ అనను. యంత్రం మీదనే ఊపిరి నిలిచినవాడి బాధకు మార్ఫిన్ ఒక్కటే జవాబు కాలేదు. ఏళ్ల తరబడి అచేతనంగా పడి ఉన్న నర్సు అరుణా శాన్‌బాగ్ కేసులో 2011లో, ఆ తర్వాత మరో కేసులో 2018లో సుప్రీంకోర్టు, ఆశ లేని రోగికి కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్సను ఆపడానికి దారి చూపింది. ఇంజెక్షన్ ఇచ్చి చంపడానికి మాత్రం నేటికీ అనుమతి లేదు. అట్లాంటి చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని 2023 నుంచి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ ముందో గెజిటెడ్ అధికారి ముందో ధ్రువీకరించుకుంటే చాలు. రోగికి మాట, తెలివి ఉండగానే ఆయన్ను అడిగి రాయించాలి. మా నాయినను నేను అదీ అడగలేదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో మీ ఇంటి పెద్దలెవరైనా చంపమని అడుగుతుంటే ముందు నొప్పి ఎక్కడో, ఎంతో అడగండి. జిల్లా ఆసుపత్రికి పోయి నొప్పి తగ్గించి ఊరటనిచ్చే వైద్యం, పాలియేటివ్ కేర్, ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి. డాక్టరు మార్ఫిన్ రాస్తే భయపడకండి, ఆ రోజే తెచ్చి చెప్పినట్టు వేయండి.