నెలకో ఆకు

మా ఇంట్లో రెండడుగుల గాజు తొట్టి ఒకటి ఉంది. యాభై లీటర్లకు కొంచెం పైన నీళ్లు పడతాయి. అందులో చేపలు తక్కువ, మొక్కలే ఎక్కువ. అవి కూడా గబగబా పెరిగి కళ్లకు విందు చేసే రకాలు కావు. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్. నెలకో ఆకు వేస్తే గొప్ప. ఇంటికొచ్చినవాళ్లు "ఇవి ప్లాస్టిక్‌వా?" అని అడుగుతారు. కాదంటే, "మరి పోయినసారి వచ్చినప్పుడూ ఇంతే ఉన్నాయే" అంటారు. ఏడేళ్లపాటు పిహెచ్.డి. చేసినదాన్ని కనుక ఆ మాట నాకు కొత్త కాదు.

2020 చివర్లో కొన్నాను. మొదటి ఆరు నెలల్లో చేయగలిగిన తప్పులన్నీ చేశాను. దుకాణంలో కుర్రాడు "మేడమ్, లైటెంత ఎక్కువ పెడితే అంత పెరుగుద్ది" అన్నాడు. రోజుకు పది గంటలు లైటు వేశాను. అనుబియాస్ ఆకుల అంచుల వెంట నల్లటి నాచు, గడ్డంలాగా పట్టుకుంది. ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. నిదానంగా పెరిగే మొక్క తనకు కావలసినంత వెలుతురే తీసుకుంటుంది. మిగిలింది నాచు తింటుంది. పైగా ఒక్కో ఆకు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉంటుంది గనక నాచు దాని మీద తీరిగ్గా కాపురం పెడుతుంది. లైటు ఆరు గంటలకు తగ్గించి, తొట్టిని కిటికీ పక్కనుంచి జరిపాక కుదుటపడింది.

రెండో తప్పు దాన్ని ఇసుకలో పాతిపెట్టడం. మొక్క అంటే పాతాలి కదా! అనుబియాస్‌కూ జావా ఫెర్న్‌కూ అడ్డంగా పాకే లావుపాటి కాండం ఒకటి ఉంటుంది, అల్లం కొమ్ములాగా. వేళ్లు కిందికి, ఆకులు పైకి అందులోంచే వస్తాయి. దాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. నాది కుళ్లింది. వాసన కూడా వచ్చింది. నూలు దారంతో రాతికో, కర్రముక్కకో వదులుగా కట్టి వదిలెయ్యాలి. రెండు మూడు నెలల్లో వేళ్లే రాతిని పట్టుకుంటాయి, దారం దానంతటది పోతుంది. ఇక చేయాల్సింది తక్కువే. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చడం, కొళాయి నీళ్లలో క్లోరిన్ విరిచే మందు వేయడం, ఎరువు చుక్కల్లో వేయడం. వేసవిలో నీళ్లు ఆవిరైన కొద్దీ బోరు నీళ్లు పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి, అది చూసుకోవాలి. అన్నిటికన్నా కష్టమైంది చెయ్యి పెట్టకుండా ఉండటం.

ఈ మొక్కల పేర్ల గురించి ఒక మాట చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికా వాగుల్లో నీడన పెరిగే మొక్కకు 1857లో షాట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త, ఈజిప్టు మృత్యుదేవత అనుబిస్ పేరు పెట్టాడు. క్రిప్టోకొరైన్‌లలో మన దేశపు వాగుల్లో పెరిగేవీ ఉన్నాయి. సామర్లకోటలో తోట పెట్టి ఏళ్ల తరబడి పనిచేసిన రాక్స్‌బర్గ్ వాటిలో ఒకదాన్ని వర్ణించాడు. ఆ వాగుల్లో బట్టలుతికిన, నీళ్లు మోసిన ఆడవాళ్లు దాన్ని ఏమని పిలిచేవాళ్లో పుస్తకాల్లో దొరకదు. 'క్రిప్టో' అంటే దాగినది. పువ్వు కంకి గొట్టంలాంటి తొడుగులో దాక్కుని ఉంటుందని ఆ పేరు.

2021 వానాకాలంలో మా మేనత్త నా దగ్గరికొచ్చింది. వేములఘాట్ ఖాళీ చేయించిన ఏడాది అది. మా నాన్నకు అక్క. ఇరవై రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తమ్ముడి పొలంలో యాభై ఏళ్లు నాట్లేసింది, కలుపు తీసింది, నన్నూ పెంచింది. గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి కాలనీలో ఇల్లు సర్దుకునేదాకా అని మూడు నెలలు నా దగ్గర ఉంచారు. అంటే సామాను సర్దేటప్పుడు అడ్డం లేకుండా. అప్పట్లో నేను ఆ మాట అలా అనుకోలేదు.

ఆమె వచ్చిన వారమే నేను కొత్తగా నాలుగు క్రిప్టోకొరైన్‌లు తెచ్చాను. అయిదో రోజుకు ఆకులు గాజులా పారదర్శకమై, జిగురుగా కరిగిపోవడం మొదలుపెట్టాయి. పదో రోజుకు ఇసుక మీద ఏమీ మిగల్లేదు. చోటు మారినా, నీళ్లు మారినా, వేడి మారినా ఈ మొక్క ఇలాగే చేస్తుంది. దానికి తోడు నర్సరీల్లో వీటిని చాలావరకు గాలిలో, తేమలో పెంచి అమ్ముతారు. నీట మునిగాక ఆ గాలి ఆకులు పనికిరావు. అన్నిటినీ వదిలేసి, నీటిలో బతికే ఆకుల్ని కొత్తగా వేసుకోవాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం పీకి పారేద్దామని చెయ్యి పెట్టాను.

"గది సావలే బిడ్డా. వేరు సూడు, తెల్లగుంది" అంది అత్తమ్మ వెనకనుంచి. "నాటేసిన నారు గిట్లనే పసుపు పడ్తది. పదొద్దులు ఊకో. ఊకూకె పీకి సూడకు."

అయిదు వారాలు పట్టింది. గోధుమరంగు ముల్లులాంటి చిన్న ఆకు లేచింది.

నేనేం చేశానంటే, దాని మీద వ్యాసం రాశాను. నిర్వాసిత స్త్రీల గురించి ఒక సదస్సులో చదవాల్సి ఉంది. ఆకులు కరిగినా వేరు బతికుండటం, మునిగిన చోటునుంచే కొత్త ఆకు రావడం – ఇంతకంటే మంచి ఉపమానం ఎక్కడ దొరుకుతుంది? సంబరంగా అత్తమ్మకు చదివి వినిపించాను. అంతా విని, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "నారు నాటెటప్పుడు ఆ మడి మనం దున్ని, నీళ్లు వెట్టి, జంబుగొట్టి తయారుజేస్తం గదా. మాకెవలు తయారు జేసిర్రు?"

ఆ వ్యాసం సదస్సుకు పంపలేదు. కానీ అసలు సిగ్గుపడాల్సింది వ్యాసం గురించి కాదు. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

2016 జూన్‌లో వేములఘాట్‌లో రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. వందల రోజులు సాగాయి. టెంటు కింద కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. మా అత్తమ్మ వంతు వచ్చినరోజు పొద్దున్నే ఇంటి పనంతా ముగించి వెళ్లేది. దీక్షలో కూర్చున్నా ఇంట్లోవాళ్లకు వండి పెట్టే వెళ్లాలి కదా. యాభై టీఎంసీల మల్లన్నసాగర్ కోసం భూములు తీసుకున్నది మొదట 2013 భూసేకరణ చట్టం కింద కాదు. 2015 జూలైలో వచ్చిన జీవో 123తో, నేరుగా కొనుగోలు పేరుతో. 2016 ఆగస్టులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా సేకరణ ఆగలేదు. 2022 ఫిబ్రవరి 23న జలాశయాన్ని ప్రారంభించారు. పేరులోనే వేమును మోసిన ఊరు నీళ్ల కింద ఉంది.

ఆ 2013 చట్టంలో 'కుటుంబం' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. వితంతువులను, విడాకులు తీసుకున్నవాళ్లను, కుటుంబం వదిలేసిన స్త్రీలను ప్రత్యేక కుటుంబాలుగా లెక్కించాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. మేజరైన ఎవరైనా, ఆడైనా మగైనా, పెళ్లయినా కాకపోయినా, విడి కుటుంబమేనని వివరణ కూడా ఉంది. ఇంత సూటిగా ఒంటరి స్త్రీని గుర్తించిన వాక్యాలు మన చట్టాల్లో ఎక్కువ లేవు.

జాబితాలు రాస్తున్నప్పుడు మా ఇంట్లో మాట నడిచింది. "అక్క మనతోనే ఉంటది గద, ఆమెకు సెపరేటుగ ఎందుకు?" అన్నాడు నాన్న. దురుద్దేశంతో కాదు. ఆయన దృష్టిలో అది ప్రేమే. అత్తమ్మ ఆయనతో వాదించలేదు. నాకు ఫోన్ చేసింది. "నువ్వు సదువుకున్నదానివి. నా అసొంటిదానికి చట్టం ఏమంటదో సూసి చెప్తవా?"

"చూసి చెప్తానత్తమ్మా" అన్నాను. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి నెల రోజులుంది. అంశం: స్త్రీల ఆత్మకథల్లో ఇల్లు. పదిహేను నిమిషాల పని. ఒక చట్టం, ఒక సెక్షన్, ఒక పేరా. నేను చూడలేదు. ఆమె మళ్లీ అడగలేదు. చూసేటప్పటికి ఆమె పేరు తమ్ముడి కుటుంబంలో ఒక వరసగా చేరిపోయింది. తర్వాత దరఖాస్తు పెట్టాం, తిరిగాం. ఆమెతోపాటు నేనూ తిరిగాను. 'మీ తమ్ముడికి వచ్చింది కదమ్మా' అన్న జవాబు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చివరికి ఆమే "ఇగ చాలు" అంది.

ఇప్పుడు కాలనీలో తమ్ముడింట్లో ఒక గది ఆమెది. ముందర వేపచెట్టు లేదు, సందు ఉంది. నాట్లు లేవు. నాన్న ఆ గది తలుపు తట్టకుండా లోపలికి వెళ్లడు ఈమధ్య. దీక్ష టెంటులో కూర్చున్న తోటివాళ్లు పక్క వీధుల్లోనే ఉన్నారు కనుక సాయంత్రాలు గడుస్తాయి.

పోయిన సంవత్సరం అనుబియాస్ బాగా పాకింది. అలాంటప్పుడు కాండాన్ని మూడు నాలుగు ఆకులు మిగిలేలా పదునైన బ్లేడుతో తుంచి వేరుగా కట్టుకోవచ్చు. ఒక ముక్కను తడి కాగితంలో చుట్టి గజ్వేల్ బస్సెక్కాను. ఆమెకు ఇస్తూ ఏ ఉపమానమూ చెప్పలేదు. ఆమె పాత ఊరగాయ గాజు జాడీ ఒకటి కడిగి, వాగుదో చెరువుదో కాదు, పాత ఇంటి గోడదట, చిన్న రాయి ఒకటి తీసింది. రుమాలులో కట్టి తెచ్చుకుందట ఆ రోజు. దారం ఆమే కట్టింది. గట్టిగా బిగిస్తుంటే వదులుగా కట్టమన్నాను. "నాకు ఎర్కనేలే" అంది.

జాడీని ఎండ తగలని గూట్లో పెట్టింది. కాలనీలో నీళ్లు వచ్చే పూట ఒక చెంబెడు తీసి ఒక చెంబెడు పోస్తుంది. క్లోరిన్ మందు సీసా ఇచ్చాను గానీ, నీళ్లు ఒకరోజు నిలవ పెట్టి పోయడమే ఆమెకు నమ్మకం. మొదటి రెండు నెలలు ఏమీ జరగలేదు. ఒక ఆకు పండి రాలింది. నేను ఫోన్‌లో కంగారుపడితే విసుక్కుంది.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు మొదట ఇదే అడుగుతుంది.

"నీది ఎన్ని?"

"పదకొండు, అత్తమ్మా."

"నాది ఆరు. ఇంకోటి సుట్టుకోని ఉన్నది, ఇంక ఇప్పుకోలే."