పంటి నొప్పి ముందు వచ్చేది ఇక్కడికే

పొదిలి బస్టాండు దగ్గరి ఓ మందుల షాపులో మొన్నొక సాయంత్రం రెండు గంటలు కూర్చున్నాను. కౌంటరు దగ్గర ఉన్నామె ఫార్మసీ చదివినామె. నేను వెళ్ళేసరికే ఒక పెద్దాయన చెంప పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, పన్ను సలుపుతోంది. మొన్నటి బిళ్ళలే నాలుగియ్యి. గొట్టం బిళ్ళలు కూడా."

"గుండెకు మాత్రలేమన్నా వాడుతున్నావా తాతా?"

వాడుతున్నాడు, రక్తం పలచబడేవి. వాటి మీద డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళ పడితే లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఆమె పారాసెటమాల్ ఇచ్చింది. గొట్టం బిళ్ళలు యాంటీబయాటిక్, వాటికి డాక్టరు చీటీ కావాలంది. పుచ్చు నరం దాకా దిగితే పంటికే వైద్యం చేయాలి, గొట్టం బిళ్ళతో అది తగ్గదు. బుగ్గ వాచినా, జ్వరమొచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పొమ్మని రెండుసార్లు చెప్పింది.

ఇంకొకావిడ అత్తగారి బీపీ మాత్రలకొచ్చి, మాటల్లో ఆ అత్తగారి చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికొస్తున్నాయంది. చీటీలో ఆమ్లోడిపిన్ ఉంది. ఆ మందుతో కొందరికి అలా అవుతుంది, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్‌తోనూ అంతే. "మీ అంతట మీరు మానొద్దు, డాక్టరుకు ఈ సంగతి చెప్పండి" అని చీటీ వెనక రాసిచ్చింది. ఎవరు ఏ మందు మింగుతున్నారో నెలనెలా చూసేది ఈ కౌంటరే. పళ్ళ డాక్టరుకు ఆ వీలు ఎక్కడిది?

ఈ ప్రాంతంలో ఇంకో చిక్కుంది. పొదిలి ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది. ఆ జిల్లా నీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళనూ ఎముకలనూ ఎలా పాడుచేస్తోందో షార్ట్ అనే డాక్టరు తన సహచరులతో కలిసి 1937లోనే రాశారు. ఆ భయంతో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వద్దనేవాళ్ళున్నారు. కీడు చేసేది ఏళ్ళ తరబడి తాగే నీళ్ళని, పేస్టు ఉమ్మేసేదని ఆమె ఓపిగ్గా చెబుతుంది. మూడేళ్ళు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత చాలు, మింగనివ్వకూడదు. గోధుమరంగు మరకలు పోవాలని ఇటుక పొడితో రుద్దితే పంటి పైపొరే అరుగుతుంది.

చీకటి పడ్డాక ఒక ఆటో కుర్రాడొచ్చాడు. "అక్కా, నోరు పూసింది. కారం తగలనివ్వట్లేదు, పూతమందియ్యి."

"ఎన్నాళ్ళయింది తమ్ముడూ?"

"నెల దాటింది."

మూడు వేళ్ళు ఒకదాని మీదొకటి పేర్చి నోట్లో పెట్టుకోమంది. రెండే పట్టాయి. గుట్కా మానేసి ఏడాదయిందనీ, ఇప్పుడు ఉత్త వక్కపొడేననీ అన్నాడు. పొగాకు లేకపోయినా వక్క చాలు, బుగ్గల లోపలి పొర బిరుసెక్కి దవడ బిగుసుకుపోవడానికి. కొందరిలో అది క్యాన్సరుకు దారితీస్తుంది. పూతమందు ఇచ్చి పంపితే ఆమెకు నాలుగు డబ్బులొచ్చేవి. ఇవ్వలేదు. ఒంగోలులో పళ్ళ డాక్టరుకు చూపించుకోమని రాసిచ్చి, ఫోను నంబరు తీసుకుంది.

చీటీ మందులు ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి చట్టం చెబుతోంది. అయినా చాలా షాపుల్లో అడిగిన బిళ్ళ చేతిలో పెట్టే కుర్రాళ్ళే కనిపిస్తారు. మీరు వెళ్ళే షాపులో ఫార్మసిస్టు ఎవరో అడగండి, మీరు వాడే మందులన్నీ చెప్పండి. రెండు వారాలు దాటినా మానని నోటిపుండుకు పూతమందు అడగకండి, డాక్టరుకు చూపించండి.