అమ్మీ తెరిచే ఫైలు

ఫజర్ నమాజు కాగానే అమ్మీ తస్బీహ్ పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఆమెకు కంప్యూటర్‌లో వచ్చిన పని ఒక్కటే. స్విచ్ వేయడం, తెర మీద 'యాదేఁ' అని పేరున్న ఫోల్డర్ మీద రెండుసార్లు నొక్కడం, లోపల ఒక ఫైలు మీద మళ్లీ రెండుసార్లు నొక్కడం. అంతే, మా మర్హూమ్ అబ్బా రాసుకున్న యాదాష్త్ తెరుచుకుంటుంది. రోజుకో పేజీ చదువుతుంది. ఏడు ఫైళ్లూ అయిపోతే మళ్లీ మొదటి దగ్గరికి వస్తుంది. అబ్బా పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఎన్నిసార్లు తిరగేసిందో ఆమెకే తెలియదు.

నేను రాత్రి డ్యూటీ మనిషిని. ఎడిషన్ వదిలి ఇల్లు చేరేసరికి రెండు దాటుతుంది. ఫజర్ చదివి పడుకుంటే పదకొండుకు లేస్తాను. అలాంటి ఒక పొద్దున అమ్మీ నన్ను తట్టి లేపింది.

"బేటా, తేరే అబ్బా కా లిఖా సో సబ్ కీడే మకోడే హో గయా."

వెళ్లి చూస్తే నిజంగానే పురుగులు పాకినట్టుంది. నెత్తి మీద కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, ఖాళీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు. అబ్బా నస్తాలీఖ్ ఒక్క గీతైనా లేదు. పైన చూస్తే అది నోట్‌ప్యాడ్. నా గుండె కుదుటపడింది. ఫైలు పోలేదు, తప్పు దుకాణంలో తెరుచుకుంది, అంతే.

అబ్బా ఫైళ్లు ఇన్‌పేజ్‌లో చేసినవి. వాటి తోక డాట్ ఐఎన్‌పీ. ఆ తోకను చూసే ఏ ఫైలును ఏ ప్రోగ్రాంకు అప్పగించాలో విండోస్ తేల్చుకుంటుంది. నేను ఫైలు మీద కుడి బటన్ నొక్కి, 'ఓపెన్ విత్'లోకి పోయి, ఇన్‌పేజ్‌ను ఎంచుకుని, కింద 'ఆల్వేస్' అన్న చోట టిక్కు పెట్టాను. అబ్బా అక్షరాలు తిరిగొచ్చాయి. అమ్మీ "షుకర్ హై" అంది. నేను పోయి పడుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ పురుగులు.

ఇక్కడ అబ్బా గురించి కొంచెం చెప్పాలి. ఆయన కాతిబ్. హైదరాబాద్‌లో ఛత్తాబజార్ వైపు వెళ్లినవాళ్లకు తెలుసు, షాదీ రుఖాలు అచ్చయ్యే గల్లీలు. ఆ గల్లీల్లో ఒక ప్రెస్సులో కూర్చుని ఆయన ఇరవై ఏళ్లకు పైగా కితాబత్ చేశాడు. షాదీ రుఖాలు, పోస్టర్లు, చిన్న పత్రికలు, అన్నీ ఖలంతోనే. ఉర్దూ అక్షరాలు సీసపు అచ్చుల్లో ఒదగవు. పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరం ఒళ్లు మార్చుకుంటుంది, ఏటవాలుగా కిందికి జారుతుంది. అందుకే తెలుగు, ఇంగ్లీషు పత్రికలు ఎప్పుడో అచ్చు అక్షరాలకు మారినా ఉర్దూకు కాతిబే దిక్కయ్యాడు. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' పత్రికైతే కంప్యూటర్లు వచ్చాక కూడా ఏళ్ల తరబడి చేతిరాతతోనే వచ్చింది. మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాత్ వేలాది అక్షరాల జోడింపులు చేత్తో రాసిస్తే, 1981లో నూరీ నస్తాలీఖ్ మెషీన్‌లోకి ఎక్కింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. అది మామూలు కంప్యూటర్‌లో నడుస్తుంది. అబ్బా లాంటివాళ్ల రోజీ దాంతో పోయింది.

పోయిన రోజీని వెతుక్కుంటూ ఆయన ఆ ఇన్‌పేజ్‌నే నేర్చుకున్నాడు. కీబోర్డు మీద వేళ్లు వెతుక్కుంటూ కొట్టేవాడు. నూన్ వంపు సరిగా రాలేదని తెరను తిట్టేవాడు. రిటైరయ్యాక అదే ఇన్‌పేజ్‌లో యాదాష్త్ రాశాడు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు సాహిత్యం. నా తెలుగు వ్యాసాలు ఆయన చదవలేకపోయేవాడు. పేపరు తెచ్చి ముందు పెడితే "నీ పేరు ఏది?" అని అడిగి, దాని మీద వేలు పెట్టి కాసేపు చూసేవాడు. "గోల్ గోల్ హై, ఖూబ్‌సూరత్ హై. కానీ ఏ అక్షరమూ పక్కదాని చేయి పట్టుకోదు కదరా" అన్నాడొకసారి. తెలుగు లిపి మీద అంతకంటే మంచి విమర్శ నేను క్లాసులో కూడా వినలేదు.

సరే, ఫైళ్ల సంగతి. మూడో రోజూ నాలుగో రోజూ అదే తంతు. మధ్యాహ్నం నేను సరిచేయడం, తెల్లారేసరికి నోట్‌ప్యాడ్. అదే వారం పీడీఎఫ్‌లూ ఫొటోలూ కూడా వేరే ప్రోగ్రాంలలో తెరుచుకోవడం మొదలైంది. తెర మూల 'డిఫాల్ట్ రీసెట్ అయింది' అని చిన్న కబురు కనిపించి మాయమవుతోంది. వైరస్ అనుకున్నాను. స్కాన్ చేశాను, ఏమీ లేదు. అప్‌డేట్ల మీద షక్ పడ్డాను. ఇక ఆఫీసులో సిస్టమ్స్ చూసే తమ్ముణ్ని చాయ్‌కి తీసుకెళ్లి అడిగాను.

అతను చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. విండోస్ 8 నుంచి ఒక పద్ధతి వచ్చింది. ఫలానా తోక ఉన్న ఫైలు ఫలానా ప్రోగ్రాంలో తెరవాలని మనం ఎంచుకున్నప్పుడు, రిజిస్ట్రీలో 'యూజర్‌ఛాయిస్' అనే చోట ఆ మాట రాసి, పక్కనే ఒక హ్యాష్ వేస్తుంది. స్టాంపు కాగితం మీద మొహర్ అనుకోండి. ఏదైనా ప్రోగ్రాం మనల్ని అడగకుండా దొంగదారిన వెళ్లి ఆ రాతను మారిస్తే మొహర్ కలవదు. విండోస్ ఆ కాగితాన్ని నమ్మదు, చింపేసి తన డిఫాల్ట్‌కు వెళ్లిపోతుంది. మనకు కనిపించే కబురు అదే. అంటే మనం కోప్పడేది చౌకీదార్ మీద, దొంగ మాత్రం ఇంట్లోనే ఎక్కడో ఉన్నాడు.

వెతికితే దొంగ దొరికాడు. కంప్యూటర్‌ను శుభ్రం చేస్తానంటూ ఉచితంగా వచ్చి కూర్చున్న ఒక ప్రోగ్రాం. ఎవరు ఎక్కించారో ఎవరూ ఒప్పుకోలేదు, నేనే అయి ఉంటాను. దాన్ని తీసేసి, సెట్టింగుల్లో 'డిఫాల్ట్ యాప్స్'లోకి పోయి అన్నీ మళ్లీ ఎంచుకున్నాను. పీడీఎఫ్‌లు దారికొచ్చాయి. ఫొటోలు దారికొచ్చాయి. ఐఎన్‌పీ మాత్రం రాలేదు. దానికి ఆ కబురు కూడా రావడం లేదు. చప్పుడు లేకుండా మారిపోతోంది.

నా బిడ్డను అడిగాను. సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, సాయంత్రాలు ఆ కంప్యూటర్ తనదే. "దాదా ఫైళ్లు ముట్టుకున్నావా?"

"అల్లాహ్ కసమ్ పప్పా, ఆ ఫోల్డర్ నేను తెరవనే తెరవలేదు."

అది సచ్ మాట. అయినా నేను నమ్మలేదు.

ఈలోపు జరగకూడనిది జరిగింది. ఒక పొద్దున అమ్మీ పురుగుల తెరను మూయబోతూ ఏదో మీట నొక్కింది. ఒక అక్షరం పడి ఉంటుంది. మూసేటప్పుడు నోట్‌ప్యాడ్ సేవ్ చేయాలా అని అడిగింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అడిగినదానికి హౌ అంటే మంచిదని మొదటి బటన్ నొక్కింది. నోట్‌ప్యాడ్ ఉత్త అక్షరాల కోసం పుట్టింది. ఇన్‌పేజ్ ఫైలులో అక్షరాలతో పాటు పేజీ కొలతలు, ఖత్ సైజులు, ఇంకా ఏవేవో తన లెక్కలో పేర్చి ఉంటాయి. అలాంటిదాన్ని నోట్‌ప్యాడ్‌లోంచి సేవ్ చేస్తే ఆ పేర్పు చెదిరిపోతుంది. మధ్యాహ్నం నేను ఇన్‌పేజ్‌లో తెరవబోతే తెరుచుకోలేదు. నాలుగో ఫైలు. పాత సీడీలో కాపీ ఉంది కానీ అందులో మొదటి మూడే ఉన్నాయి. అబ్బా పనిచేసిన ప్రెస్సులో అడిగాను. వాళ్ల దగ్గర షాదీ రుఖాలు తప్ప ఏమీ లేవు.

ఆ రోజు నుంచి అమ్మీ కంప్యూటర్ దగ్గరికి రాలేదు. "అమానత్ థా, మై ఖరాబ్ కర్ దీ" అంది ఒక్కసారి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఫజర్ తర్వాత ఊరికే కిటికీ దగ్గర కూర్చునేది.

వారాంతపు సెలవు రోజు ఇషా అయ్యాక సంగతి బయటపడింది. నేను ఇంట్లో ఉన్నానని మరిచిపోయి నా బిడ్డ కంప్యూటర్‌తో గొడవ పడుతోంది. "ఈ మెషీన్ పాగల్ పప్పా! నా ఫైళ్లను రోజూ ఆ ఉర్దూ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేస్తోంది. రోజూ మార్చి మార్చి తంగ్ వచ్చింది."

పక్కన కూర్చున్నాను. తను ఈపానెట్ వాడుతోంది. ఊళ్లో మంచినీటి పైపుల్లో నీళ్లు ఎంత ఒత్తిడితో, ఎంత వేగంతో పారతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్, అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చేది. అందులోంచి పైపుల లెక్కను బయటికి తీస్తే ఉత్త అక్షరాల ఫైలుగా వస్తుంది. దాని తోక కూడా డాట్ ఐఎన్‌పీయే! తను దాన్ని నోట్‌ప్యాడ్‌లో చదువుకుంటుంది. ఇన్‌పేజ్‌లో తెరుచుకోబోతే విసుక్కుని నోట్‌ప్యాడ్ ఎంచుకుని 'ఆల్వేస్' టిక్కు పెడుతుంది. రాత్రి తన టిక్కు, మధ్యాహ్నం నా టిక్కు, మధ్యలో ఫజర్ వేళ అమ్మీ. విండోస్ మామూలుగా తోకలను దాచిపెడుతుంది కాబట్టి రెండు ఫైళ్లదీ ఒకే తోకని ఇద్దరికీ కనిపించలేదు. కంప్యూటర్ ఏ రోజూ దేన్నీ రీసెట్ చేయలేదు. ఎవరు ఏది చెబితే అది విన్నది. ఒకే కప్పు కింద ఉండి, ఒకరి వేళ ఒకరికి కలవక, ఇద్దరమూ మెషీన్ మీద షికాయత్ చేసుకుంటున్నాం.

ఇలాజు చిన్నదే. ఆ టిక్కులు ఒక్కో యూజర్ ఖాతాకు విడిగా ఉంటాయి. ఇంటిల్లిపాదీ ఒకే ఖాతాలో కూర్చోవడమే మా గలతీ. మీ ఇళ్లలోనూ అదే అయి ఉంటుంది. సెట్టింగుల్లో 'అకౌంట్స్'లోకి పోయి అమ్మీకి ఒకటి, బిడ్డకు ఒకటి చేశాను. అమ్మీ ఖాతాలో ఐఎన్‌పీ అంటే ఇన్‌పేజ్, బిడ్డ ఖాతాలో నోట్‌ప్యాడ్. ఒకదాని జోలికి ఒకటి రాదు. 'వ్యూ'లో తోకలు కనిపించేలా టిక్కు పెట్టాను. మిగిలిన ఆరు ఫైళ్ల ప్రాపర్టీస్‌లో 'రీడ్ ఓన్లీ' పెట్టాను, ఇక పొరపాటున సేవ్ నొక్కినా పాతది చెదరదు. ఆరూ పీడీఎఫ్‌లుగా తీసి రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసి ఒకటి చెల్లె ఇంట్లో పెట్టాను. ఈ పని మూడేళ్ల కిందటే చేయాల్సింది. పీడీఎఫ్‌కు ఇన్‌పేజ్ కూడా అక్కర్లేదు.

నా పాత వ్యాసాలు కూడా గుర్తొచ్చాయి, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో చేసినవి. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. వాటిని తెరిచే మెషీన్ ఇప్పుడు నా దగ్గర లేదు. వాటి సంగతి ఇంకెప్పుడైనా.

నాలుగో ఫైలు గురించి బిడ్డే అంది. "దాదీకి అది మొత్తం జుబానీ వచ్చు కదా పప్పా. మూడేళ్లు చదివింది."

అమ్మీ మొదట నక్కో అంది. రెండు రోజుల తర్వాత తనే వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఇన్‌పేజ్‌లో కొత్త పేజీ తెరిచాను. ఉర్దూ టైపు చేసి ఎన్నేళ్లయిందో, స్వాద్ ఏ మీట మీద ఉందో వెతుక్కున్నాను. అబ్బా వెతుక్కున్నట్టే.

నాలుగో ఫైలు ఇన్‌పేజ్ వచ్చిన కాలం గురించి. ప్రెస్సు యజమాని ఖలందాన్ సర్దుకొమ్మని చెప్పిన రోజు, ఆరు నెలలు ఇంట్లో కూర్చున్న రోజులు, కంప్యూటర్ క్లాసు ఫీజు కోసం అమ్మీ బంగారు గాజులు అమ్మిన రోజు. ఆమె కళ్లు మూసుకుని చెబుతోంది, అబ్బా వాక్యాలు అబ్బా తీరులోనే. గాజుల దగ్గర ఆగింది.

"ఇక్కడ మీ అబ్బా దో కంగన్ అని రాశాడు" అంది.

"అవును, గుర్తుంది."

"దో నహీఁ, చార్ థే. రెండు అమ్మానని ఆయనకు చెప్పా. మిగతా రెండు ఇంటి కిరాయికి పోయాయి. ఆయనకు తెలియదు."

నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి. వెనక నిలబడ్డ బిడ్డ కూడా ఏమీ మాట్లాడలేదు.

"మరి ఏం కొట్టమంటావు అమ్మీ? చార్ అనా?"

ఆమె కాసేపు తెరనే చూసింది.

"ఉనో దో లిఖే. దో ఇచ్ లిఖ్."