సందూకులు ఎక్కడున్నాయి?

2002లో వచ్చిన వార్‌క్రాఫ్ట్ 3 ఆటతో పాటు వరల్డ్ ఎడిటర్ అని ఒకటి ఇచ్చారు. ఆటకు కావలసిన నక్షా మనమే గీసుకోవచ్చు. అందులో ట్రిగ్గర్ అంటే మూడు ముక్కలు: ఈవెంట్, కండిషన్, యాక్షన్. ఉర్దూ మీడియం బుర్ర కదా, నాకవి వాఖియా, షర్త్, అమల్‌గా దిగాయి. ఫలానాది జరిగితే, ఫలానా షరతు కుదిరితే, ఇది అమలు చెయ్. తర్వాత తెలుగు డిగ్రీ చదివినవాణ్ని కనుక ఇంకోటీ గమనించాను. షరతు, అమలు రెండూ ఎప్పుడో తెలుగులో కాపురం పెట్టేశాయి. పాపం, వాఖియాకే ఇంకా ఇల్లు దొరకలేదు. వేరియబుల్‌ను నేను ఖానా అంటాను. తిండి ఖానా కాదు, అలమారా ఖానా. అందులో ఒక అంకె దాచుకోవచ్చు, నక్షాలోని ఒక జాగానూ దాచుకోవచ్చు.

ఈ సెలవుల్లో మా అబ్బాయి ఆ ఎడిటర్‌లో చిన్న ఆట కట్టాడు. అడవిలో మూడు సందూకులు. తక్కువ టైములో వెతికి పట్టుకున్నవాళ్లు గెలిచినట్టు. ఇంట్లో కంప్యూటర్ ఒకటే, అన్నాచెల్లెళ్లు వంతులేసుకుని ఆడతారు. గీసినవాడికి సందూకుల జాడ తెలిస్తే ఇక ఆటేముంది? వాటిని ఇత్తెఫాక్‌కు వదిలేయాలి.

ముందు వాడు మొత్తం నక్షా చూపించి ‘ఎక్కడైనా పెట్టు’ అన్నాడు. కంప్యూటర్‌కు ఎక్కడైనా అంటే నిజంగా ఎక్కడైనా. చెరువు నడిమధ్య, కొండ అంచు, చెట్ల గుంపు, అన్నీ దానికి జాగాలే. అందుకని మనిషి నడవగలిగే ఎనిమిది చోట్ల చిన్న చతురస్రాలు గీయించి, వాటి మధ్యబిందువులను నంబర్లున్న ఖానాల వరుసలో పెట్టించాను. ఎడిటర్ భాషలో దాన్ని అర్రే అంటారు. ఆట మొదలవగానే 1 నుంచి 8 లోపు ఒక అంకె తీయడం, ఆ ఖానాలోని జాగాలో సందూకు పెట్టడం. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్ ఎడిటర్‌లో ఈ ఖానాలే లేవు. మూడు స్విచ్‌లను ర్యాండమ్‌గా వేసి ఆర్పి ఎనిమిది రకాలు రాబట్టేవాళ్లు. మనవాళ్ల జుగాడ్‌కు ఏమీ తీసిపోదు.

ఎనిమిదిలోంచి ఊరికే మూడుసార్లు తీస్తే, 512 రకాల్లో 176 రకాలలో కనీసం రెండు సందూకులు ఒకే చోట పడతాయి. మూడాటల్లో దాదాపు ఒకటి ఖరాబ్. లక్కీ డ్రాలో ఒకసారి వచ్చిన చీటీని మళ్లీ డబ్బాలో వేయరు కదా, ఖుర్రా అంటే అదీ. ఇక్కడా అంతే. వాడేసిన ఖానాలోకి చివరి ఖానాలోని జాగాను తెచ్చిపెట్టి, ‘మిగిలినవి’ అనే వేరియబుల్‌ను 8 నుంచి 7కు దించాలి. రెండో సందూకుకు 1 నుంచి 7 లోపే తీయాలి. మూడోదానికి 6.

ఇంత చేశాక రెండో రోజే ఇంట్లో ఫసాద్.

“అబ్బా, భాయ్‌జాన్ బేఈమానీ చేస్తున్నాడు! తనకు అన్నీ ముందే తెలుసు. నిన్న ఎక్కడున్నాయో ఇవాళా అక్కడే ఉన్నాయి!”

“ఖసమ్ సే అబ్బా, అంతా ర్యాండమే!”

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాళ్లు ఎడిటర్‌లోంచి టెస్ట్ మ్యాప్ నొక్కి ఆడుతున్నారు. ప్రిఫరెన్సెస్‌లో ‘ఫిక్స్‌డ్ ర్యాండమ్ సీడ్’ పక్కన టిక్ ఉంది. కంప్యూటర్ పాచికలు వేయదు. ఒక విత్తనం అంకె పట్టుకుని లెక్క కట్టి మిగతా అంకెలు పుట్టిస్తుంది. విత్తనం మారకపోతే వరుసా మారదు. ట్రిగ్గర్‌లో తప్పులు వెతికేవాడికి అది నియామత్, ఒకసారి కనబడ్డ తప్పు మళ్లీ దొరుకుతుంది. సందూకులు వెతికేవాళ్లకు మాత్రం తగాదా.

టిక్ తీసేద్దామన్నాను. చిన్నది ఒప్పుకోలేదు.

“అప్పుడు తనకు దగ్గర, నాకు దూరం వస్తే?”

సవాల్ జాయజే. ర్యాండమ్ అయినంత మాత్రాన ఇన్సాఫ్ అయిపోదు. దానికి కావలసింది ఇద్దరికీ ఒకే జాగాలు, అవీ ఇద్దరికీ తెలియకుండా. అందుకు పనికొచ్చేది ఆ టిక్కే. దాన్ని అలాగే ఉంచాను. ట్రిగ్గర్ మొదట్లో కొన్ని అంకెలు ఊరికే తీసి పారేసే లూప్ ఒకటి రాశాను. ఎన్ని పారేస్తే వరుస అన్ని అడుగులు ముందుకు జరుగుతుంది, సందూకులు కొత్త చోట్లకు పోతాయి. ఇద్దరి వంతులు అయ్యేదాకా ఆ సంఖ్య మార్చను. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు అమ్మీ దగ్గర, వంటగదిలో.

నిన్న ఏడు అంకెలు పారేశాను. వాడు ట్రిగ్గర్ తెరిచి ఆ ఏడును చూసినా ఏమీ తేలదు. రాసిన నాకే తెలియదు, సందూకులు ఎక్కడున్నాయో.