ఉక్కు నగరంలో ఫుట్‌బాల్

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు పడమటి ప్రాంతంలో, అలెఘెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా రూపొందే చోట పిట్స్‌బర్గ్ నగరం వెలసింది. ఉక్కు పరిశ్రమలో పనిచేసే వారెవరికీ ఈ పేరు కొత్త కాదు. సమీపంలోని బొగ్గు గనులు, నదీ రవాణా, దేశదేశాల నుండి వలస వచ్చిన కార్మికుల శ్రమ ఒకచోట సమకూడడంతో పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అది ఉక్కుకు మారుపేరైంది. శిక్షణ నిమిత్తం 2023 అక్టోబరులో మేము నలుగురు ఇంజనీర్లం అక్కడ పది రోజులు గడిపాము. యంత్రాల గురించి నివేదికలో వ్రాశాము. ఇక్కడ వ్రాస్తున్నది ఆ నగరపు ఆట గురించి, ఆ ఆట పేరు గురించి.

మాలో ఇద్దరం హైదరాబాదులో పెరిగినవాళ్ళం. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన వైనాన్నీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించిన వైనాన్నీ పెద్దల నోట వింటూ పెరిగాము. అందుచేత పిట్స్‌బర్గ్‌లో ప్రతివారి నోటా 'ఫుట్‌బాల్' అన్న మాట వినిపించడం మాకు సంతోషం కలిగించింది. తీరా చూస్తే వారి బంతి కోలగా, రెండు కొసలా మొనతేలి ఉంది. దానిని చేతితో విసురుతారు, చంకలో ఇరికించుకొని పరుగెడతారు. పాదానికి పని పడేది అప్పుడప్పుడే. మనం ఫుట్‌బాల్ అనే ఆటను అక్కడ 'సాకర్' అంటారు.

నగర శివార్లలోని పెన్ హిల్స్ కొండ మీద 1976లో ప్రతిష్ఠ జరిగిన శ్రీ వేంకటేశ్వరాలయం ఉంది. శనివారం దర్శనానంతరం పులిహోర ప్రసాదం స్వీకరిస్తుండగా, చాలాకాలంగా అక్కడే స్థిరపడిన ఒక తెలుగు పెద్దాయన పరిచయమయ్యారు. మా సందేహం విని నవ్వి, "ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అదేనండీ. మీరనే ఆట మా మనవరాలు ఆడుతుంది. ఫుట్‌బాల్ అంటే మాత్రం ఒప్పుకోదు, సాకర్ అనాల్సిందే" అన్నారు.

ఆ 'సాకర్' అమెరికా వారు కల్పించిన మాట అని చాలామంది భావిస్తారు. నిజానికి అది ఇంగ్లండులో పుట్టింది. ఒకప్పుడు అక్కడ ఒక్కో పాఠశాల ఒక్కో విధంగా ఫుట్‌బాల్ ఆడేది. నియమాలను ఏకీకరించే ఉద్దేశంతో 1863 అక్టోబరు 26న లండనులోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను స్థాపించారు. బంతిని చేతబట్టి పరుగెత్తడాన్నీ, ప్రత్యర్థి కాళ్ళపై తన్నడాన్నీ అనుమతించాలన్న వారు విడిపోయారు. ఆ పక్షపు క్లబ్బులు 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌గా ఏర్పడ్డాయి. మాటలను కుదించి చివర 'అర్' చేర్చడం ఆనాటి ఇంగ్లీషు విద్యార్థుల వాడుక. రగ్బీ 'రగ్గర్' అయింది. అసోసియేషన్ అన్న మాట నడుమ నుండి 'సాక్' తీసుకొని రెండవ ఆటను 'సాకర్' అన్నారు.

అమెరికాలో 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు జట్టుకు 25 మంది చొప్పున ఆడిన పోటీ కాలి ఆటకే దగ్గరగా ఉండేది. 1874లో హార్వర్డ్ విద్యార్థులు కెనడాకు చెందిన మెక్‌గిల్ జట్టుతో ఆడి రగ్బీ పద్ధతిని ఇష్టపడ్డారు. 1880 తరువాత వాల్టర్ క్యాంప్ ప్రోద్బలంతో నియమాలు క్రమంగా మారాయి. 1906లో బంతిని ముందుకు విసరడానికి అనుమతి లభించింది. ఆట మారినా పాత పేరు మారలేదు. తరువాత వచ్చిన కాలి ఆటకు వేరే పేరు అవసరమైంది. 1913లో 'యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ అసోసియేషన్'గా మొదలైన ఆ దేశపు సాకర్ సంస్థ 1945లో తన పేరులో 'సాకర్' చేర్చుకొంది. 1974లో 'ఫుట్‌బాల్' అన్న మాటనే వదలుకొంది.

ఆదివారం నాడు ఒహాయో నది ఒడ్డున ఉన్న క్రీడా ప్రాంగణానికి వెళ్ళాము. 2001లో ప్రారంభమైనప్పుడు అది హైంజ్ ఫీల్డ్. 2022లో ఒక బీమా వ్యాపార సంస్థ పేరు పెట్టారు. పెద్దాయన వంటి వారు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తున్నారు. 60 నిమిషాల ఆట మూడు గంటలకు పైగా సాగింది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి, లేనిచో బంతి ఎదుటివారి పాలవుతుంది. మొదటి గంట మాకు విసుగు కలిగినా, ప్రతి అడుగూ ముందే రచించుకొన్న పథకం ప్రకారం వేస్తున్నారని గ్రహించిన తరువాత ఇంజనీర్లకు ఆ ఆట నచ్చకపోదు.

స్థానిక జట్టు పేరు స్టీలర్స్. 1933లో వేరే పేరుతో పుట్టి, 1940లో ఉక్కువారి పేరు స్వీకరించింది. 1962 నుండి ఆటగాళ్ళ శిరస్త్రాణాలకు కుడివైపున మాత్రమే ఒక చిహ్నం కనిపిస్తుంది. వలయంలో మూడు హైపోసైక్లాయిడ్ ఆకృతులు. అది అమెరికా ఉక్కు పరిశ్రమ వారి చిహ్నం. పసుపు బొగ్గుకు, ఎరుపు ఇనుప ఖనిజానికి, నీలం తుక్కు ఉక్కుకు సంకేతాలని చెబుతారు. మనం రోజూ కొలిమిలో వేసే పదార్థాలను ఆటగాళ్ళ తలలపై చూడడం మాకు గర్వం కలిగించింది.

మరునాడు మొనాంగహేలా ఒడ్డున ఉన్న హోమ్‌స్టెడ్ చేరాము. 1892లో గొప్ప కార్మిక సంఘర్షణకు రంగస్థలమైన కర్మాగారం అక్కడిదే. అదే సంవత్సరం నవంబరు 12న పిట్స్‌బర్గ్‌లో ఒక ఆటగాడికి 500 డాలర్లు చెల్లించారు. ఈ ఆటలో డబ్బు పుచ్చుకొని ఆడిన తొలి వ్యక్తిగా హెఫెల్‌ఫింగర్ చరిత్రకెక్కాడు. ఆ కర్మాగారం 1986లో మూతపడింది. ఇప్పుడు అక్కడ దుకాణాలు, సినిమా హాలు ఉన్నాయి. పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం వరుసగా నిలిచి ఉన్నాయి. వాటి క్రింద కార్లు నిలిపే స్థలంలో మేము చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఉపాధి పోయిన వేలాది కుటుంబాలు ఇతర రాష్ట్రాలకు తరలిపోయాయి. స్టీలర్స్ జట్టు ఏ నగరంలో ఆడినా పసుపుపచ్చ తువాళ్ళు ఊపేవారిలో ఆ కుటుంబాల పిల్లలు ఎందరో ఉంటారని పెద్దాయన చెప్పారు. ఉక్కు వెళ్ళిపోయినా, వారు ఆ పేరును తమ ఇంటిపేరులా మోసుకొని తిరుగుతున్నారు.

మన వంటి సంస్థల భవిష్యత్తు గురించి క్యాంటీనులో రోజూ చర్చ జరిగే ఈ కాలంలో, ఆ మాట మమ్మల్ని వదలలేదు. ఏ ఆటను ఏ పేరుతో పిలవాలన్న వివాదం మాకు చిన్నదిగా తోచింది. పిట్స్‌బర్గ్ వారికి కర్మాగారం పోయాక ఆట మిగిలింది. మనకు కర్మాగారమూ ఉంది, టౌన్‌షిప్ మైదానమూ ఉంది. కొలిమి దగ్గర పనిచేసేవారి పిల్లలు సాయంత్రం పూట అక్కడ కాలి ఆట ఆడుతున్నారు. రెండింటినీ కాపాడుకోవడం మన చేతిలో ఉన్నంత మేరకు మన పనే అని మేము నలుగురం తిరుగు ప్రయాణంలో అనుకొన్నాము.