మెకానిక్ సాయిబు కొడుకు

బడి హాజరు పట్టీలో తప్ప మా ఊళ్ళో నాకు పేరుండేది కాదు. ‘మెకానిక్ సాయిబు కొడుకు’ అనేవాళ్ళు. మా అబ్బాకూ పేరు లేదు, ఆయన ఉత్త మెకానిక్ సాయిబే. కోదాడలో హైవే పక్కన రేకుల షెడ్డు, ముందు వేపచెట్టు, దాని కొమ్మకు వేలాడే గ్లూకోజ్ సీసా... అదే మా చిరునామా.

గ్లూకోజ్ సీసా ఎందుకంటారా? మైలేజీ చూడ్డానికి. స్కూటర్ ట్యాంకు పైపు పీకేసి సీసా పైపును కార్బొరేటర్‌కు తగిలించి, అందులో 100 మిల్లీలీటర్లు పోసి బండి తోలేవాడు అబ్బా. ఎక్కడ ఆగిపోతే అక్కడ మీటరు చూసి పదితో హెచ్చవేస్తే లీటరు లెక్క తేలుతుంది. ఆగిన చోటి నుంచి బండి తోసుకు రావడం నా పని. మైలేజీ ఎంత బాగా వస్తే నాకంత దూరం!

1990లో గల్ఫ్ గొడవలకు పెట్రోలు రేటు పెరిగినప్పుడు షెడ్డు ముందు స్కూటర్లు వరస కట్టాయి. “సాయిబూ, ఏదన్నా చెయ్యి, మైలేజీ పెంచు” అందరిదీ ఒకటే మాట. తెలిసినవాళ్ళయితే మెయిన్ జెట్టులో సన్నటి రాగితీగ పోగు దూర్చమని అడిగేవాళ్ళు. బెజ్జం సన్నమైతే పెట్రోలు తక్కువ పోతుంది. బండి లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువే ఇస్తుంది, కొన్నాళ్ళు. అబ్బా ఆ పని చేసేవాడు కాదు. “కడుపు మాడ్చి పని చేయించుకోవద్దు సారూ” అనేవాడు. గిరాకీ పక్క షెడ్డుకు పోయేది. అమ్మీ తిట్టేది.

అమెరికా వచ్చాక ఇవేవీ నేను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో మీ నాన్నగారేం చేస్తారంటే “ఆటోమొబైల్ బిజినెస్” అనేవాణ్ణి. అబద్ధం కాదు. నిజమూ కాదు. వినేవాళ్ళ కళ్ళకు అద్దాల షోరూం కనపడేది. దాన్ని చెరిపెయ్యాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ షోరూం కూలిపోయింది టెక్సస్‌లో, 2012లో, ఒక పాత కారు దగ్గర.

అక్కడ చవక కార్ల పందేలుంటాయి. ఫ్రాన్స్‌లో లె మాన్ అనే ఊళ్ళో 24 గంటల పెద్ద పందెం ఉంది కదా, దాన్ని వెక్కిరిస్తూ 2006లో జే లామ్ అనే ఆయన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ అని కాలిఫోర్నియాలో మొదలుపెట్టాడు. లెమన్ అంటే అమెరికా వాళ్ళ మాటల్లో పనికిరాని కారు. కారు ఖర్చు 500 డాలర్లు దాటకూడదు. పంజరం, సీటు, బెల్టుల వంటి రక్షణ సామాను ఆ లెక్కలోకి రాదు. పేరుకు 24 గంటలే గానీ చాలా పందేలు శని, ఆదివారాల్లో పగటిపూటే నడుస్తాయి. వేగం కన్నా ఆగకుండా తిరగడం ముఖ్యం. అలాంటి పందేనికి మా ఆఫీసు వాళ్ళు నలుగురు కలిసి ఒక 1981 టొయోటా కొరోలా కొన్నారు. నన్ను చందా కోసం కలుపుకున్నారు.

దానికి ఎవరో పాత వెబర్ 32/36 బిగించి ఉన్నారు. రెండు గొంతుల కార్బొరేటర్. 32 మిల్లీమీటర్ల చిన్న గొంతు ముందు తెరుచుకుంటుంది, పెడల్ చాలా దూరం నొక్కాక 36 మిల్లీమీటర్ల పెద్దది తెరుచుకుంటుంది. మా వాళ్ళు కంప్యూటర్ తగిలిస్తే తప్ప ఇంజను మాట వినలేని తరం. అమెరికాలో కొత్త కార్లకు కార్బొరేటర్లు 1990 దాటగానే పోయాయి. బానెట్ ఎత్తి బొమ్మను చూసినట్టు చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే స్క్రూడ్రైవర్ మీదికి పోయింది.

“నీకెలా తెలుసు?” అన్నారు.

“మా నాన్న మెకానిక్” అన్నాను. నోరు జారిందో, విప్పుకుందో ఇప్పటికీ చెప్పలేను.

కారు గంటకు 6 గ్యాలన్లు తాగుతోంది. ట్యాంకులో పనికొచ్చేది 12. అంటే 2 గంటలకోసారి ఆగాలి. ఆగితే ఇంజను కట్టెయ్యాలి, డ్రైవరు దిగాలి, ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి, డబ్బాలతో పొయ్యాలి, కొత్త డ్రైవరుకు బెల్టులు బిగించాలి. ఎంత ఉరికినా ఐదారు నిమిషాలు. శనివారం పందెం 8 గంటలు. మూడుసార్లు ఆగాలి.

చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదు. ఫ్లోట్ ఎత్తుగా ఉండి మలుపుల్లో పెట్రోలు గొంతులోకి చిమ్ముతోంది. ప్లగ్గులు మసిబొగ్గులు. వెనక బ్రేకు ఒకటి పట్టేసి ఉంది, దాన్ని ఈడ్చడానికీ పెట్రోలే కదా. అన్నీ సరిచేస్తే 5 గ్యాలన్లకు దిగింది. వేగం ఏమీ తగ్గలేదు, ఇంకా పెరిగింది. అందరూ నా వీపు తట్టారు.

కానీ లెక్క చూడండి. ఇప్పుడు ట్యాంకు 2 గంటల 24 నిమిషాలు వస్తుంది. మూడు ట్యాంకులకు 7 గంటల 12 నిమిషాలు. మిగిలిన 48 నిమిషాల కోసం మళ్ళీ ఆగాల్సిందే. గ్యాలన్ మిగిలింది గానీ స్టాపు మిగల్లేదు. 4.5కు దింపితే మూడు ట్యాంకులతో సరిగ్గా 8 గంటలు! ఆ అర గ్యాలన్ నన్ను నిద్రపోనివ్వలేదు.

అబ్బాకు ఫోన్ చేశాను. ఇంజను పక్కన ఫోన్ పెట్టి వినిపించాను. “బాగుంది బేటా. ఇక ముట్టుకోకు” అన్నాడు.

“రెండు మెయిన్ జెట్లూ 140 ఉన్నాయి అబ్బా. 130 వేస్తే?”

కాసేపు మాట్లాడలేదు. “తీగ పోగు అన్నమాట” అన్నాడు.

నేను సైన్సు చెప్పాను. బరువు లెక్కన పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్ళయితే పూర్తిగా కాలుతుందని, మన ఇంజను అనవసరంగా ఎక్కువ తాగుతోందని. “తాపీగా పోయే బండికి ఆ లెక్క. ఫుల్లుగా తొక్కినప్పుడు ఆ ఎక్కువ పెట్రోలే లోపల చల్లబరుస్తుంది” అన్నాడాయన. పుస్తకంలోనూ అదే ఉంది. ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 ఉండాలని. నాకు తెలుసు. తెలిసీ శుక్రవారం మధ్యాహ్నం 130లు బిగించాను. 10 వందోవంతుల మిల్లీమీటరు అంటే ఎంత? కంటికి ఆనదు. కానీ బెజ్జం వైశాల్యం నూటికి 14 పాళ్ళు తగ్గుతుంది. ఆ ఎండలో కారు బాగానే తిరిగింది.

రాత్రి ఉత్తరం నుంచి చలిగాలి దిగింది. తెల్లారేసరికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చల్లగాలి చిక్కగా ఉంటుంది. అదే జెట్టు, అదే పెట్రోలు, లోపలికి పోయే గాలి మాత్రం ఎక్కువ బరువు. నిన్న ఆకలితో ఉన్న ఇంజను ఇవాళ పస్తు పడింది. నాలుగో గంటలో పొడవాటి రోడ్డు మీద తెల్లటి పొగ వచ్చింది. విప్పి చూస్తే మూడో పిస్టన్ నెత్తిన బొటనవేలు దూరే బొక్క. అంచులు మైనంలా కరిగిపోయాయి.

ఎవరూ తిట్టలేదు. అదే కష్టమనిపించింది.

తీరిగ్గా కాగితం మీద వేసుకున్నాక ఇంకో సంగతి తెలిసింది. మా ల్యాపు సుమారు 2 నిమిషాలు, 8 గంటల్లో 240 ల్యాపులు. పస్తుంచిన ఇంజనుతో ల్యాపుకు సెకనున్నర పోయినా మొత్తం 6 నిమిషాలు. నేను మిగల్చబోయిన స్టాపు అంతే! పిస్టన్ కరక్కపోయినా ఏమీ గెలిచేవాళ్ళం కాదు.

మరుసటి ఏడాది 140లు తిరిగి వేశాం. జెట్టును వదిలేసి కాలును పట్టుకున్నాం. పెద్ద గొంతు ఎక్కడ తెరుచుకుంటుందో డ్రైవర్లకు తెలిసేలా పెడల్ కింద చిన్న స్ప్రింగు పెట్టాను. మలుపుకు కాస్త ముందే కాలు తీసెయ్యడం, గేరు తొందరగా మార్చడం... మాలో కొత్తగా చేరిన నర్సు ఒకామె అలా 4.6కు తెచ్చింది. కుర్రాడొకడు ఎంత చెప్పినా 5.2. మూడుసార్లు ఆగక తప్పలేదు. కారు మాత్రం ఆదివారం సాయంత్రం దాకా తిరిగింది.

ఆ బొక్కపడ్డ పిస్టన్‌ను తరవాతి సెలవులకు కోదాడ తీసుకెళ్ళాను. అబ్బా దాన్ని ఎత్తి ఎండకు పట్టి, బొక్కలోంచి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. తుడిచి షెడ్డులో అలమార పైఅరలో పెట్టాడు.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రావడంతో కొత్త బళ్ళకు కార్బొరేటర్లు దాదాపు పోయాయి. పాతవాటికి మైలేజీ పెంచమని అడిగేవాళ్ళు మాత్రం అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నారట. తీగ పోగు మాట ఎత్తితే అబ్బా పిస్టన్ దించి చేతిలో పెడతాడట.

“మావాడు చేశాడు. అమెరికాలో” అంటాడట.